బాప్తిస్మంలో పలకాల్సిన మాటలు ఏవి? ‘తండ్రి కుమార పరిశుద్ధాత్మ’ నామమా, ‘యేసు నామమా’?

క్లుప్తంగా

బాప్తిస్మమిచ్చేటప్పుడు మత్తయి 28:19లో ఉన్నట్టు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం పలకాలా, లేక అపొస్తలుల కార్యములు 2:38లో ఉన్నట్టు యేసు నామం పలకాలా అన్న వాదన తెలుగు సంఘాల్లో ఇంకా సద్దుమణగలేదు. నిజానికి ఇక్కడ మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. అపొస్తలులు నోటితో ఏమి పలికారన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న. ఆ నామం వెనుక ఉన్న దేవుణ్ణి ఎలా అర్థం చేసుకోవాలన్నది సిద్ధాంతానికి సంబంధించింది. మాట తప్పితే జరిగిన బాప్తిస్మం చెల్లుతుందా అన్నది సంఘ నియమాలకు సంబంధించింది. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు అంటగట్టడం వల్లే ఎక్కువ గందరగోళం పుడుతోంది.

చిక్కు ఎక్కడుంది

మత్తయి సువార్త చివర యేసు శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ ఇది: ‘తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి వారికి బాప్తిస్మమిచ్చుచు’. ఆ ఆజ్ఞ విన్న శిష్యులే అపొస్తలుల కార్యముల గ్రంథంలో బాప్తిస్మాలు ఇస్తారు. అక్కడ మాత్రం ముగ్గురి నామం ఒక్కసారి కూడా కనిపించదు. పెంతెకొస్తు దినాన పేతురు ‘యేసుక్రీస్తు నామమున’ బాప్తిస్మం పొందమంటాడు (2:38). సమరయవారు ‘ప్రభువైన యేసు నామమున’ పొందారు (8:16). కొర్నేలీ ఇంటివారి విషయంలో ‘యేసుక్రీస్తు నామమందు’ అని ఉంది (10:48). ఎఫెసులో పౌలు కలిసిన శిష్యుల గురించి మళ్లీ ‘ప్రభువైన యేసు నామమున’ అనే ఉంది (19:5).

ఈ నాలుగు చోట్లా తెలుగులో దాదాపు ఒకే మాట కనిపించినా గ్రీకులో అలా లేదు. 2:38లో ‘ఎపి’, 10:48లో ‘ఎన్’, 8:16లోనూ 19:5లోనూ ‘ఐస్’ అన్న విభక్తి పదాలున్నాయి. మత్తయిలో ఉన్నది కూడా ‘ఐస్’. తెలుగు బైబిలు మత్తయిలో దాన్ని ‘నామములోనికి’ అనీ, కార్యముల్లో ‘నామమున’ అనీ అనువదించింది. తెలుగు పాఠం మాత్రమే చదివేవారికి మత్తయి ఒక రకంగా, కార్యములు మొత్తం ఇంకో రకంగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. మూలంలో ఆ గీత అంత సూటిగా లేదు.

యేసు నామ పక్షం ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. అందరూ తప్పక పలకాల్సిన స్థిరమైన సూత్రాన్ని కార్యములు రాసిన లూకా రాసిపెట్టి ఉంటే, విభక్తి మూడు రకాలుగా, పేరు ఒకచోట ‘యేసుక్రీస్తు’ అనీ ఇంకోచోట ‘ప్రభువైన యేసు’ అనీ మారుతూ ఉండకూడదు. పలికిన మాటల్ని యథాతథంగా దించడం కంటే, అది ఎవరికి చెందిన బాప్తిస్మమో చెప్పడమే లూకా ఉద్దేశమని ఈ తేడాలు సూచిస్తాయి. త్రిత్వ (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురూ ఒకే దేవుడన్న బోధ) పక్షానికి కూడా ఇలాంటి ఇబ్బందే ఎదురవుతుంది. మత్తయి 28:19 అక్షరాలా పలకాల్సిన మాటలే అయితే, అపొస్తలులు వాటిని పలికినట్టు ఒక్క ఉదాహరణైనా ఎందుకు లేదన్న ప్రశ్నకు నేరుగా చూపించగల వచనం లేదు. ఆ పక్షం చూపించే వాటిలో బలమైనది కార్యములు 19:2-3. పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదని ఎఫెసువారు అనగానే పౌలు అడిగిన తర్వాతి ప్రశ్న, మరి మీరు ఏ బాప్తిస్మం పొందారని. బాప్తిస్మంలో ఆత్మ ప్రస్తావన ఉండితీరాలన్న ఊహ ఆ ప్రశ్న వెనుక ఉందని వారి వాదన. అది బలమైన సూచనే, రుజువు మాత్రం కాదు.

‘పేరిట’ అన్న మాటకు బరువు

గ్రీకులో ‘ఐస్ తొ ఒనొమా’ అన్న పదబంధం ఆ కాలపు లావాదేవీల పత్రాల్లోనూ కనిపిస్తుంది. ఒకరి ఖాతాకు జమ చేయడం, ఒకరి సొత్తుగా మార్చడం అక్కడ దాని భావం. తెలుగువారికి ఇది సులువుగా అర్థమవుతుంది. పొలం ఫలానావారి ‘పేరిట’ ఉందంటే అది వారి సొంతమని అర్థం. ఆ కోణంలో చూస్తే ‘నామములోనికి బాప్తిస్మం’ అంటే మనిషి ఎవరి సొత్తు అవుతున్నాడో చెప్పే మాట. హెబ్రీ వాడుకలో ‘నామమున’ అంటే అధికారంతో, ఒకరి తరఫున అన్న అర్థం కూడా ఉంది. రెండర్థాల్లో దేన్ని తీసుకున్నా, పెదవులతో ఏ అక్షరాలు పలకాలన్న సంగతి ఆ పదబంధం ఒక్కటే తేల్చదు.

యేసు నామ పక్షం ‘నామము’ ఏకవచనంలో ఉండటాన్ని పట్టుకుంటుంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి బిరుదులే, అసలు పేరు యేసు, అపొస్తలులు ఆ పేరే పలికి మత్తయి ఆజ్ఞను నెరవేర్చారు అన్నది ఆ వాదన. చెక్కు మీద ‘తండ్రి’ అని సంతకం చేస్తే బ్యాంకు డబ్బిస్తుందా అని బోధకులు అడిగే ప్రశ్న ఇక్కడిదే. త్రిత్వ పక్షం అదే ఏకవచనాన్ని చూపి, ముగ్గురికీ ఒకే దైవత్వం ఉందనడానికి అది ఆధారం అంటుంది. ఒకే వ్యాకరణ అంశం నుంచి రెండు పక్షాలూ ఎదురెదురు ముగింపులు తీస్తున్నాయంటే, తీర్పు వ్యాకరణంలోంచి రావడం లేదు. దేవుని గురించి ముందే ఉన్న నమ్మకంలోంచి వస్తోంది.

తొలి శతాబ్దాల సాక్ష్యం

కొత్త నిబంధన వెలుపల దొరికే తొలి ఆధారం ‘డిడకే’ అనే చిన్న సంఘ నియమావళి. మొదటి శతాబ్దం చివర, లేదా రెండో శతాబ్దం మొదట్లోది. 1056లో రాసిన ఒక ప్రతిలో ఇది 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడి 1883లో అచ్చయింది. దాని ఏడో అధ్యాయం ఆచరణను వివరంగా చెబుతుంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామములోనికి పారే నీటిలో బాప్తిస్మమివ్వాలి. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లు వాడవచ్చు. చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు చాలు. రెండూ సరిపడా లేకపోతే తలమీద మూడుసార్లు పోయాలి. అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ప్రభురాత్రి భోజనానికి అర్హులెవరో చెబుతూ ‘ప్రభువు నామములోనికి బాప్తిస్మం పొందినవారు’ అంటుంది. అంటే ముగ్గురి నామంతో ఇచ్చిన బాప్తిస్మాన్నే క్లుప్తంగా ‘ప్రభువు నామ బాప్తిస్మం’ అని పిలిచిన సమాజం ఒకటి ఉండేది. కార్యములు, మత్తయి మధ్య తేడాను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఉపయోగపడే పాత పత్రం మరొకటి లేదు. రెండు పక్షాల ప్రసంగాల్లోనూ దీనికి దక్కాల్సిన చోటు దక్కడం లేదు.

సుమారు 155 ప్రాంతంలో రోములో క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిన వివరణలోనూ ముగ్గురి నామమే ఉంది. ఆ తర్వాతి శతాబ్దాల్లో రోము, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో ఉన్న పద్ధతి నేటివారికి కొత్తగా తోస్తుంది. నీళ్లలో నిలబడిన వ్యక్తిని తండ్రిని నమ్ముతున్నావా, కుమారుని నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని మూడుసార్లు అడిగేవారు. ‘నమ్ముతున్నాను’ అన్న ప్రతి జవాబుకూ ఒకసారి ముంచేవారు. ‘నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను’ అన్న ప్రకటన పశ్చిమాన స్థిరపడింది తర్వాతి కాలంలో. ఈనాటి వాక్యాన్నే మొదటి నుంచీ మాట మారకుండా పలికారన్న మాటకు చరిత్ర ఒప్పుకోదు.

మత్తయి 28:19 తర్వాత చేర్చిన వచనమన్న వాదన కూడా తరచూ వినిపిస్తుంది. దీనికి మూలం 1901లో కానీబేర్ అనే పండితుడు చేసిన పరిశీలన. నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్, ముఖ్యంగా 325 నాటి నికయ సంఘ సభకు ముందు రాసిన రచనల్లో, ఈ వచనాన్ని చాలాసార్లు ‘నా నామమున సమస్త జనులను శిష్యులనుగా చేయుడి’ అన్న రూపంలో ఉదాహరించాడు. అది నిజమే. కానీ పాత రచయితలు వచనాల్ని సందర్భానికి సరిపడా కుదించి ఉదాహరించడం మామూలు. ఈ భాగం మిగిలి ఉన్న గ్రీకు ప్రతులన్నిటిలోనూ, నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతులతో సహా, ముగ్గురి నామం ఉంది. మధ్యయుగపు హెబ్రీ మత్తయి ప్రతి ఒకటి ఆ మాటలు లేకుండా ఉందని చూపేవారున్నారు. అది 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఒక యూదు పండితుడు క్రైస్తవానికి వ్యతిరేకంగా రాసిన వాదగ్రంథంలో పొందుపరచింది. వెయ్యేళ్ల ముందరి గ్రీకు ప్రతులను తోసిపుచ్చే బలం దానికి లేదు.

మాట తప్పితే మళ్లీ ఇవ్వాలా

మూడో శతాబ్దం మధ్యలో ఈ ప్రశ్న సంఘాన్ని నిలువునా చీల్చింది. చీలికవర్గాల చేతుల్లో బాప్తిస్మం పొందినవారు తిరిగి వస్తే మళ్లీ ఇవ్వాల్సిందేనని కార్తేజ్ బిషప్ సిప్రియన్ పట్టుబట్టాడు. 256 సెప్టెంబరు 1న 87 మంది బిషప్పుల సభ ఆయన పక్షాన నిలిచింది. చేతులుంచి చేర్చుకుంటే చాలని రోము బిషప్ స్టీఫెన్ అన్నాడు. సిప్రియన్ తన లేఖల్లో (73వది) ‘యేసు నామమున’ అన్న మాటను కూడా వివరించాడు. తండ్రిని అప్పటికే ఎరిగిన యూదులకు పేతురు యేసు పేరు చెప్పాడు, అన్యజనులకు మాత్రం పూర్తి త్రిత్వ నామం అవసరం అన్నాడు. అదే కాలంలో పేరు తెలియని ఒక రచయిత యేసు నామమున ఇచ్చిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వనక్కర్లేదని వాదిస్తూ పుస్తకం రాశాడు. కాబట్టి ఈ వాదన ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిందనడం సరికాదు.

తర్వాత వచ్చిన తీర్పులు ఒకే దిశగా లేవు. 314లో ఆర్ల్ సభ, త్రిత్వ నామంతో బాప్తిస్మం పొందినవారికి చేతులుంచితే చాలని తేల్చింది. 325లో నికయ సభ 19వ నియమం సమోసతవాడైన పౌలు (అపొస్తలుడు కాదు, మూడో శతాబ్దపు మరో బోధకుడు) అనుచరులకు మళ్లీ ఇవ్వాలంది. వారు సరైన నామాలే పలికేవారని, విశ్వాసం వేరుగా ఉండటమే కారణమని నాలుగో శతాబ్దపు బిషప్ అథనేసియస్ రాతల్ని బట్టి తెలుస్తుంది. ఈ తర్కం 2001లో మళ్లీ వినిపించింది. మోర్మన్ల బాప్తిస్మంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్న మాటలున్నా, వాటికి వారు చెప్పే అర్థం వేరు కాబట్టి అది చెల్లదని వాటికన్ జవాబిచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 746 నాటి సంగతి. బవేరియాలో లాటిన్ సరిగా రాని ఒక గురువు (ప్రీస్టు) ‘పాత్రిస్, ఫీలీ’ అనడానికి బదులు ‘పాత్రియా, ఫీలియా’ అన్నాడు. అర్థం ‘దేశము, కుమార్తె నామమున’ అయిపోయింది. మళ్లీ ఇవ్వాలని అక్కడి మిషనరీ బిషప్ బోనిఫేస్ ఆదేశిస్తే పోప్ జకరియాస్ వద్దన్నాడు. అది భాష రాకపోవడం వల్ల జరిగిన తప్పే గాని తప్పుడు బోధ కాదన్నది ఆయన కారణం. 866లో పోప్ నికొలస్ బల్గేరియావారికి రాసిన జవాబులో క్రీస్తు నామంతో ఇచ్చిన బాప్తిస్మం కూడా చెల్లుతుందని ఒప్పుకున్నాడు. నేటి కాథలిక్ నియమం దాన్ని అనుసరించదు. అపొస్తలులు అలా ఇచ్చారంటే ప్రత్యేక దైవప్రేరణ వల్లే అని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ చెప్పిన వివరణ ఆ ద్వారాన్ని దాదాపు మూసేసింది.

తూర్పు సంఘాల్లో వాక్యమే వేరు. ‘దేవుని సేవకుడు ఫలానా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున బాప్తిస్మం పొందుతున్నాడు’ అంటూ గురువు తన ‘నేను’ను పక్కన పెడతాడు. 1439లో ఫ్లారెన్స్ సభ దాన్ని కూడా చెల్లుబాటుగా గుర్తించింది. ‘నేను’ అన్న పదం లేకపోవడం తప్పు కాదన్నమాట. మరి ‘మేము’ అన్న పదం ఎందుకు తప్పయింది?

డెట్రాయిట్‌లో ఒక్క సర్వనామం

2020 ఆగస్టు 6న వాటికన్ ఒక చిన్న జవాబు ప్రచురించింది. ‘మేము నీకు బాప్తిస్మమిస్తున్నాము’ అని పలికితే చెల్లదు, అలా పొందినవారికి షరతు లేకుండా మొదటి నుంచి ఇవ్వాలి అన్నది సారాంశం. అమెరికాలోని డెట్రాయిట్ అగ్రమేత్రాసనానికి (ఆర్చిడయోసిస్‌కు) చెందిన ఒక యువ గురువు ఇంట్లో ఉన్న పాత వీడియో చూస్తే, పసితనంలో తనకు బాప్తిస్మమిచ్చినప్పుడు డీకన్ (గురువు కంటే కింది స్థాయి సేవకుడు) ‘మేము’ అన్నట్టు వినిపించింది. ఆయన గురుపట్టం పొంది అప్పటికి మూడేళ్లయింది.

ఆ తర్వాత జరిగింది చూస్తే కాథలిక్ వ్యవస్థలో ఈ మాటలకు ఎంత బరువుందో తెలుస్తుంది. కాథలిక్ సంఘ నియమావళి 842 ప్రకారం జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేనివారికి మిగతా దివ్యసంస్కారాలేవీ చెల్లవు. 1024 ప్రకారం గురుపట్టం కూడా చెల్లదు. కాబట్టి ఆయన పొందిన భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), డీకన్ పట్టం, గురుపట్టం అన్నీ పోయాయి. ఆయన చేసిన పూజలు, విన్న పాపసంకీర్తనాలు చెల్లనివయ్యాయి. జరిపించిన వివాహాలను ఒక్కొక్కటిగా పరిశీలించాల్సి వచ్చింది. ఆయన ఇచ్చిన జ్ఞానస్నానాలు మాత్రం నిలిచాయి, ఎందుకంటే 861వ నియమం ప్రకారం అవసరంలో, సరైన ఉద్దేశముంటే ఎవరైనా, జ్ఞానస్నానం పొందనివారైనా ఇవ్వవచ్చు. ఆయన మళ్లీ అన్నీ పొంది 2020 ఆగస్టు 17న గురువుగా అభిషిక్తుడయ్యాడు. ఫీనిక్స్ మేత్రాసనంలో ఏళ్ల తరబడి ‘మేము’ అంటూ వచ్చిన ఒక గురువు 2022 ఫిబ్రవరిలో తన విచారణ (పారిష్) బాధ్యతలు వదులుకున్నాడు. అక్కడ వేలమంది తమ జ్ఞానస్నానం సంగతి వెతుక్కోవాల్సి వచ్చింది.

వాటికన్ చూపిన కారణం ఇది: జ్ఞానస్నానమిచ్చేది క్రీస్తు, గురువు ఆయన స్థానంలో నిలబడి పలుకుతాడు. ‘మేము’ అనగానే పలికేది చుట్టూ ఉన్న తల్లిదండ్రులు, బంధువులు, సమాజం అవుతుంది. తూర్పు వాక్యంలో గురువు తనను తాను తగ్గించుకుంటాడు, ఇక్కడ ఇంకొకరిని క్రీస్తు స్థానంలో నిలబెడుతున్నాడు. 2008లో ‘సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచువాడు’ అన్న మాటల్ని కొట్టివేయడానికి కారణం వేరు. అవి దేవుని పనుల్ని చెబుతాయి గాని తండ్రి, కుమారుల మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పవు. తర్కం పొందికగానే ఉంది. అయితే 746లో జకరియాస్ చూపిన ఉదారతకూ దీనికీ మధ్య దూరం కూడా స్పష్టమే. నాలుక తడబడటం, కావాలని మార్చడం ఒకటి కావన్న తేడాతో ఆ దూరాన్ని కొంతవరకు పూడ్చవచ్చు.

1913 తర్వాత పెంతెకొస్తు చీలిక

1913 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆరోయో సెకోలో జరిగిన శిబిర కూటాల్లో మెకాలిస్టర్ అనే బోధకుడు, అపొస్తలులు యేసు నామమునే బాప్తిస్మమిచ్చారని ప్రసంగంలో అన్నాడు. మరో బోధకుడు ఫ్రాంక్ ఎవర్ట్ దాన్ని ఏడాదిపాటు పరిశీలించి, 1914 ఏప్రిల్ 15న గ్లెన్ కుక్‌తో కలిసి ఒకరికొకరు యేసు నామమున బాప్తిస్మమిచ్చుకున్నారు. మాటల దగ్గర మొదలైన ఈ మార్పు త్వరగానే దేవుని స్వరూపం గురించిన బోధకు చేరింది. యేసులోనే దైవత్వం సంపూర్ణంగా ఉంది, ముగ్గురు వ్యక్తులన్న బోధ సరికాదు అన్నది ‘ఏకత్వ’ బోధ. 1916లో సెయింట్ లూయిస్‌లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంస్థ త్రిత్వాన్ని స్పష్టంగా చెప్పే విశ్వాస ప్రకటన చేయగా 150 మందికి పైగా సేవకులు బయటికి వచ్చేశారు. వారి వారసుల్లో పెద్దదైన యునైటెడ్ పెంతెకొస్తల్ చర్చి 1945లో రెండు సంస్థల కలయికతో ఏర్పడింది.

యేసు నామం పలికే ప్రతి సంఘమూ త్రిత్వాన్ని నిరాకరిస్తుందనుకోవడం పొరపాటు. కార్యముల మాటనే పాటిద్దామన్న ఉద్దేశంతో అలా ఇస్తూ త్రిత్వాన్ని నమ్మే కాపరులూ ఉన్నారు. ఒకరి నోటి మాట విని వారి సిద్ధాంతాన్ని నిర్ణయించేస్తే అన్యాయం జరుగుతుంది.

తెలుగు సంఘాల్లో ఇది ఎలా ఎదురవుతుంది

ముందుగా పదాల సంగతి. కాథలిక్కులు ‘పిత, పుత్ర, పవిత్రాత్మ’ అంటారు, ‘జ్ఞానస్నానం’ అంటారు. ప్రొటెస్టెంట్లు ‘తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ’, ‘బాప్తిస్మం’ అంటారు. ఇది అనువాద సంప్రదాయంలో తేడా మాత్రమే, చెల్లుబాటుతో దీనికి సంబంధం లేదు.

‘మేము’ సమస్య తెలుగులో ఇంకో రూపం తీసుకుంటుంది. మన భాషలో ‘నేను’ అనకపోయినా ‘ఇచ్చుచున్నాను’ అన్న క్రియలోనే ఆ అర్థముంటుంది. లాటిన్‌లోనూ అంతే. వేదిక మీద మాట్లాడేటప్పుడు గౌరవార్థం ‘మేము’ అనడం మనకు అలవాటు కాబట్టి ‘ఇచ్చుచున్నాము’ అని నోరు జారే అవకాశం ఉంది. పైగా తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. వాక్యం పూర్తికాకముందే ముంచేస్తే ఆ క్రియ నీళ్ల చప్పుడులో కలిసిపోతుంది. కాథలిక్ నియమం ప్రకారం పలికేవారు, నీళ్లు పోసేవారు ఒకరే అయి ఉండాలి, మాట, పని కలిసి జరగాలి, నీరు చర్మాన్ని తాకి పారాలి. జుట్టు మాత్రమే తడిస్తే సందేహం మిగులుతుంది.

బాప్టిస్టుల లెక్క వేరు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో క్లౌ మిషనరీ బృందం ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. ఇద్దరేసి బోధకులు వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. త్రిత్వ నామమే పలికినా, ఈ సంప్రదాయంలో ప్రధానమైనవి పొందే వ్యక్తి సొంత విశ్వాసం, నీళ్లలో పూర్తిగా మునగడం. అందుకే పసితనంలో సరైన మాటలతో బాప్తిస్మం పొందిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సభ్యుణ్ణి కూడా అలాంటి సంఘం మళ్లీ నీళ్లలో దిగమంటుంది. అక్కడ వివాదం నామం గురించి కాదని రెండు సంఘాలవారూ ముందే గ్రహిస్తే చాలా తగవు తప్పుతుంది.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ విషయం ఎక్కువగా బయటపడుతుంది. కాథలిక్ విచారణలో పెళ్లికి వెళితే సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు బాప్తిస్మాలను సాధారణంగా గుర్తిస్తారు. నీరు, త్రిత్వ నామం ఉంటే చాలు. యేసు నామంతో మాత్రమే ఇచ్చారని తెలిస్తే దాన్ని జ్ఞానస్నానంగా లెక్కించరు. ఏమి పలికారో తేలక, విచారించినా సందేహం పోకపోతే 869వ నియమం ప్రకారం ‘నీవు ఇదివరకే పొంది ఉండకపోతే’ అన్న షరతుతో ఇస్తారు. యేసు నామ సంఘాలు మాత్రం త్రిత్వ నామంతో పొందినవారికి సాధారణంగా షరతు లేకుండా మళ్లీ ఇస్తాయి.

చాలా స్వతంత్ర సంఘాల్లో బాప్తిస్మ పత్రం మీద పేరు, తేదీ, కాపరి సంతకం ఉంటాయి గాని ఏ నామం పలికారో ఉండదు. కాపరి చనిపోయాక, సంఘం చీలిపోయాక ఆ సంగతి చెప్పేవారు దొరకరు. పత్రంలో పలికిన వాక్యాన్ని పూర్తిగా రాయడం, మునిగారో నీళ్లు పోశారో చెప్పడం, ఇద్దరు సాక్షుల పేర్లు చేర్చడం, అదే వివరం సంఘ రిజిస్టరులోనూ ఎక్కించడం ఏ పక్షం వారికైనా పని చేస్తుంది. పత్రమే లేనివారికి కాథలిక్ నియమావళి 876 ఒక దారి చూపుతుంది: పక్షపాతం లేని ఒక్క సాక్షి మాట చాలు, పెద్ద వయసులో పొందినవారైతే వారి సొంత ప్రమాణమే చాలు. ఆ రోజు గట్టున నిలబడి విన్నవారు ఉండగానే వారి మాట రాయించి ఉంచుకోవాలి.